కంచి బల్లిని ముట్టుకున్న మనిషి

ఆ రోజు ఉదయం పర్వతాలు వేసుకున్న పథకం చాలా చిన్నది. వీధి తలుపుకు గొళ్ళెం పెట్టి, నడిమింట్లో కుర్చీ వేసుకుని, చాయ్ తాగుతూ పదింటి దాకా పేపరు చదవడం. పదింటికి ఎదురింటి ముందునుంచి డీసీఎం బండి కదిలిపోయాక తలుపు తీసి, ఏమీ ఎరగనట్టు తన పిండిగిర్నీకి వెళ్ళిపోవడం. అంతే.

ఆ బండి కృష్ణారావు సామాను కోసం వచ్చింది. పోస్టుమాస్టరుగా రిటైరైన కృష్ణారావు, ఆయన భార్య లక్ష్మీకాంతమ్మ దేవరయాంజాల్‌లో ముప్పై ఏళ్ళు కాపురమున్న ఇల్లు వదిలి, నాగారంలో కూతురింటి పక్క పోర్షన్‌లోకి మారుతున్నారు. నాగారం ఏమంత దూరం కాదు, తీరిగ్గా వెళ్ళినా గంట పట్టదు. కానీ ఎదురెదురు ఇళ్ళలో ఉండి మూడేళ్ళు మాట్లాడుకోని మనుషులు, ఊళ్ళు మారాక మాట్లాడుకునేది ఎప్పుడు? ఈ ప్రశ్న వారం రోజులుగా పర్వతాలును తొలుస్తోంది. నిద్ర పట్టడం లేదు, రొట్టె సహించడం లేదు. ఎవరైనా కదిలిస్తే మాత్రం "పోతే పోనియ్, నాకేంది" అంటున్నాడు.

మూడేళ్ళ కింద ఈ ఇద్దరు స్నేహితులూ మేడ్చల్‌లో టూరిస్టు బస్సెక్కి తిరుపతి, కంచి యాత్రకు వెళ్ళారు. తిరుపతి దర్శనం బాగానే అయింది. కంచికి పోతుంటే దారిలో టిఫిన్‌కు బస్సు ఆపారు. పర్వతాలు రెండో దోసె చెప్పాడు. "అందరు ఎక్కిండ్రా" అని డ్రైవరు అడిగితే, ముందు సీట్లో ఉన్న కృష్ణారావు ఒకసారి వెనక్కి తిరిగి చూసి "ఎక్కిండ్రు, పోనియ్" అన్నాడు. పర్వతాలు దోసె చేత పట్టుకుని రోడ్డు మీదికి వచ్చేసరికి బస్సు లేదు. సంచీ, ఫోనూ బస్సులోనే వెళ్ళిపోయాయి. మూడు బస్సులు మారి ఇల్లు చేరిన పర్వతాలు, వాడకట్టంతా వినేలా ఒకే మాట అన్నాడు: "నేను సచ్చినా ఆ మనిషితోని మాట్లాడ."

ఆ మర్నాడు కృష్ణారావు సంచీ తెచ్చి తలుపు కొట్టాడు. పర్వతాలు తియ్యలేదు. వారం తర్వాత పోస్టులో ఒక కవరు వచ్చింది. ఎదురింటి నుంచి ఎదురింటికి స్టాంపు అంటించి ఉత్తరం పంపే మనిషి దేశం మొత్తంలో కృష్ణారావు ఒక్కడే ఉంటాడు. పర్వతాలు దాన్ని విప్పలేదు. చింపనూ లేదు. చింపడానికి చేతులు రాక, విప్పడానికి పౌరుషం ఒప్పక, గోడ గడియారం వెనక దోపి ఊరుకున్నాడు.

ఆ గడియారం వెనకే ఒక బల్లి కాపురముండేది. అది పర్వతాలు భార్య సిద్దమ్మకు ప్రాణం. సిద్దమ్మ ఏదైనా అన్నప్పుడు బల్లి కిచకిచమంటే ఆమె వెంటనే వేలితో నేలను తట్టి "సత్యం, సత్యం" అనేది. "తప్పు నీదేనయ్యా, ఆయనతోని మాట్లాడు" అని ఆమె అన్నప్పుడల్లా ఆ బల్లి ఠంచనుగా పలికేది. మూడేళ్ళుగా అది సిద్దమ్మ పక్షమే.

పథకం ప్రకారం పర్వతాలు కుర్చీలో కూర్చున్నాడు. చాయ్ ఇంకా రాలేదు. పేపరు తిరగేసి పట్టుకున్న సంగతి కూడా ఆయనకు తెలియదు, చెవులు రెండూ వీధిలోనే ఉన్నాయి. పైన గోడ మీద మాత్రం వేరే వ్యవహారం నడుస్తోంది. ఇల్లు దులిపి నెలలైంది కదా, చిన్నపిల్ల అరచెయ్యంత సాలీడు ఒకటి గడియారం దగ్గర చేరింది. బల్లికి అది ఫలహారంలా కనిపించింది. సాలీడుకు బల్లి కూడా సరిగ్గా అలాగే కనిపించింది. ఎవరు ముందు ఎగబడ్డారో చెప్పలేం గానీ, రెండూ పెనవేసుకుని గడియారం చుట్టూ గిరికీలు కొట్టాయి.

"తాతా, పైన సూడు" అంది మనవరాలు వర్ష. మేడ్చల్‌లో డిగ్రీ జువాలజీ చదువుతోంది, ఆ పోట్లాట చూసి ఆనందంతో ఫోను వెతుక్కుంటోంది.

పర్వతాలు పైకి చూడలేదు. చూసి ఉంటే ముఖం మీద పడేది. చూడలేదు కాబట్టి సరిగ్గా నడినెత్తిన, వెంట్రుకలు మిగలని చోట, చల్లగా ఏదో పడింది. అది ఒకసారి మెలికలు తిరిగింది. దాని మీద నుంచి ఎన్నో కాళ్ళు గబగబా నడిచిపోయాయి. పర్వతాలు లేచి కుర్చీ తన్నేసి, భుజం మీది తువ్వాల విసిరేసి, ఒక్క కేకతో వంటింట్లోకి దూకాడు. వెనక్కి వచ్చి చూస్తే గోడ మీద బల్లి లేదు, సాలీడు లేదు.

"నడినెత్తి మీదనే పడ్డదా? ఓ పక్కకు పడలేదా? మంచిగ జెప్పు" అంది సిద్దమ్మ. చేతిలోని చాయ్ గ్లాసును ఆమె అప్పుడే వెనక్కి తీసేసుకుంది.

"నడిమిట్లనే పడ్డది."

వర్ష చేత పంచాంగం తీయించారు. వర్ష వేలు పెట్టి చదివింది. "నడినెత్తి, పురుషులకు, మృత్యుభయం."

"భయమే గద. మృత్యువని రాయలే" అన్నాడు పర్వతాలు.

"భయం ఊకెనే ఎట్లొస్తది?" అంది సిద్దమ్మ.

"అగో, అండ్ల బల్లి ఒక్కటే పడితే రాసిండ్రు. సాలీడుతోని కొట్లాడుకుంట పడితే ఏమైతదో రాసిండ్రా? సూడు బిడ్డా."

వర్ష బుద్ధిగా నాలుగు పేజీలు తిప్పింది. "సాలీడు పేజీ లేదు తాతా."

సిద్దమ్మకు ఇంకో అనుమానం వచ్చింది. "బల్లి బతికుండి పడ్డదా, సచ్చి పడ్డదా? గా సాలీడు కరిసి సంపినంక పడితే, అది శవం పడ్డట్టే. గదింక పెద్ద దోషం." బల్లి పోయిందన్న తలపుకే ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మొగుడి సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది. "నిన్ను గూడ కరిసిందా ఏంది? గది విషపుది గాదు గద?"

"ప్రతి సాలీడుకు విషముంటది అవ్వా" అంది వర్ష. "దీని విషం బల్లికి ఎక్కువ, తాతకు తక్కువ. కరిస్తే వాస్తది, మంట పుడ్తది, గంతే."

ఈ ఊరట ఎవరికీ ఆనలేదు. దోషానికి విరుగుడు సిద్దమ్మకు తెలుసు. తలస్నానం చెయ్యాలి, దీపం పెట్టాలి, కంచిలో బంగారు బల్లిని ముట్టి వచ్చిన మనిషిని ముట్టుకోవాలి. అప్పటిదాకా పచ్చి మంచినీళ్ళు కూడా తాగకూడదు. వాడకట్టులో కంచి బల్లిని ముట్టిన మనిషి ఒక్కడే ఉన్నాడు. మూడేళ్ళుగా ఎవరి మీద బల్లి పడినా తడి బట్టలతో ఆయన దగ్గరికే పరుగెత్తి చెయ్యి ముట్టుకుంటారు. లక్ష్మీకాంతమ్మ వాళ్ళకు బొట్టు పెట్టి మరీ పంపుతుంది. ఆ మనిషి పదింటికి నాగారం వెళ్ళిపోతున్నాడు. ఇప్పుడు టైము ఎనిమిదిన్నర.

"నేను పోయి లక్ష్మీకాంతమ్మకు జెప్త" అంది సిద్దమ్మ.

"నా పేరు దీసినవో, మంచిగుండదు" అన్నాడు పర్వతాలు. "సచ్చినా మాట్లాడనన్న. ఇప్పుడు సావు పేరు జెప్పుకొని వాని గడప తొక్కాల్నా?"

"మరెట్ల జేస్తవ్?"

పర్వతాలు తలస్నానం చేసి వచ్చి, తడి తలతోనే లెక్క వేసుకున్నాడు. "ముట్టుకోమన్నరు గని మాట్లాడుమనలే గద" అన్నాడు చివరికి. ఉతికిన ధోవతి కట్టి, కింద పడి ఉన్న తువ్వాలే మళ్ళీ భుజాన వేసుకుని, గొళ్ళెం తీసి వీధిలోకి నడిచాడు. చావు భయమే తనను ఆ గడప దగ్గరికి తీసుకెళ్తోందని ఆయన గట్టిగా నమ్మాడు. కాళ్ళు అంత చురుగ్గా ఎందుకు కదులుతున్నాయో మాత్రం ఆలోచించుకోలేదు.

ఎదురింటి ముందు డ్రైవరు ముర్తుజా తల పట్టుకుని ఉన్నాడు. ఇద్దరు హమాలీలు వస్తామని రాలేదట. కృష్ణారావు ఒక్కడే ట్రంకుపెట్టెను ఒక కొస పట్టి ఈడుస్తున్నాడు. పర్వతాలుకు ఇంతకన్నా మంచి అదను ఏం కావాలి? వెళ్ళి రెండో కొస పట్టుకున్నాడు. కృష్ణారావు తలెత్తి చూసి, చెయ్యి కాలినట్టు పెట్టె వదిలేశాడు. పెట్టె పర్వతాలు చేతిలో మిగిలింది. పట్టుకున్నాక వదలడం బాగుండదు కాబట్టి దాన్ని మోసుకెళ్ళి బండిలో పెట్టాడు.

రెండోసారి బియ్యం డ్రమ్ము. మూడోసారి గ్యాస్ పొయ్యి. పర్వతాలు ఎటు వెళ్తే కృష్ణారావు దానికి ఎదురు దిక్కు వెళ్తున్నాడు. ఇతను వాకిట్లోకి వస్తే ఆయన పెరట్లో ఉంటాడు, పెరట్లోకి వెళ్తే గోడ చాటున ఉంటాడు. ఉత్త చేతులతో తిరిగి వస్తే ఎందుకొచ్చావని అడుగుతారని, పర్వతాలు ప్రతిసారీ ఏదో ఒకటి ఎత్తుకుని వస్తున్నాడు. మడత మంచాలు, రోలు, కుట్టు మిషను, తిరగలి. బీరువాను ముర్తుజాతో కలిసి దించినప్పుడు నడుములో ఏదో పట్టేసింది.

"పెద్దాయన మస్తు తాకత్‌తోని ఉన్నడు" అన్నాడు ముర్తుజా సంతోషంగా. "గిట్లయితే పదిదాక ఎందుకు, తొమ్మిదింబావుకే పోవచ్చు."

గుమ్మం దగ్గర నిలబడ్డ లక్ష్మీకాంతమ్మ మొగుడితో మెల్లగా అంది. "సూసిండ్రా, మనం ఎప్పుడు పోతమా అని ఎంత తొందర వడ్తున్నడో. కూలి మనుషులు గూడ గింత జోరుగ జెయ్యరు."

కృష్ణారావు ముఖం వాడిపోయింది. దూరం నుంచి ఆ ముఖం చూసి, తనను చూసి విసుక్కుంటున్నాడని పర్వతాలు అనుకున్నాడు. ఇద్దరూ తప్పే అనుకున్నారు, ఇద్దరూ బాధే పడ్డారు. ఆ మధ్యలో సామాను మాత్రం చకచకా బండెక్కింది.

తొమ్మిదీ పది అయ్యేసరికి ఇంట్లో ఒక చీపురు, ఒక తులసి కుండీ మిగిలాయి. పర్వతాలు ఖాళీ గదిలో నిలబడి చుట్టూ చూశాడు. ఈ గదిలోనే ఎన్నో ఏళ్ళు పొద్దున్నే కూర్చుని చాయ్ తాగాడు. స్నేహితుడు ఇంకో గంట ఉండేవాడు. తనే రెండు చేతులా ఎత్తి, ఆ గంటను కూడా బండిలో వేసేశాడు. చావు సంగతి ఆ క్షణాన ఆయనకు గుర్తే లేదు.

అప్పుడు కృష్ణారావు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "ఏమయ్యా పర్వతాలూ" అన్నాడు. మూడేళ్ళ తర్వాత ఆ గొంతులో తన పేరు. "మూడేండ్లు నా మొఖం సూడలే. ఇయ్యాల నన్ను పంపేటందుకు నా సామాను నువ్వే మోస్తున్నవ్. గంత బరువైననా నీకు?"

పర్వతాలు వంగి తులసి కుండీ ఎత్తబోయాడు.

"జెప్పవేంది?" అంటూ కృష్ణారావు ఆయన భుజం మీది తువ్వాల కొస పట్టి గుంజాడు.

తువ్వాల మడత విడింది. పొద్దుటి నుంచి ఆ మడతలో నక్కి, బియ్యం డ్రమ్ముతోనూ బీరువాతోనూ పాటు ఊగుతూ విసిగిపోయిన సాలీడు బయటికి వచ్చి, తువ్వాల మీదుగా కృష్ణారావు చేతి మీదికి, చేతి మీది నుంచి భుజం మీదికి పాకి, మెడ వైపు తిరిగింది.

"రావుసాబ్, కదలకు" అన్నాడు పర్వతాలు. పౌరుషం గుర్తొచ్చే లోపలే మాట బయటికి వచ్చేసింది. వెంటనే అరచేత్తో భుజం మీద ఒక్కటిచ్చాడు.

"అయ్యో, కొడ్తున్నడు" అంది లక్ష్మీకాంతమ్మ. చీపురు తీసుకుంది. సాలీడు నేల మీద పడింది. వీధి దాటి పరుగెత్తుకొచ్చిన వర్ష చేతిలోని స్టీలు గిన్నె దాని మీద బోర్లించింది. తువ్వాల సంగతి అప్పుడే తట్టి, తాతను హెచ్చరించడానికి వచ్చింది పాపం. ఆమె వెనకే వచ్చిన సిద్దమ్మ అయితే రహస్యం, గిహస్యం అన్నీ మర్చిపోయి రెండు చేతులూ ఎత్తి మొక్కింది. "ముట్టిండు, ముట్టిండు. దోషం పోయింది. ఇగ చాయ్ తాగు."

తర్వాత చెప్పక తప్పలేదు. సిద్దమ్మ సగం చెప్పింది, వర్ష సగం చెప్పింది. పర్వతాలు నేల చూపులు చూస్తూ "నడినెత్తి మీద" అన్న ఒక్క మాట కలిపాడు. లక్ష్మీకాంతమ్మ చీపురు కింద పెట్టింది. కృష్ణారావు మాత్రం నవ్వలేదు. తువ్వాల కొస ఇంకా చేతిలోనే ఉంది.

"సిద్దమ్మా, దోషం పోలేదు" అన్నాడు. "నేను కంచి బల్లిని ముట్టలే."

"ఏందీ?" అంది లక్ష్మీకాంతమ్మ. మూడేళ్ళుగా బొట్లు పెట్టి పంపింది ఆమె మరి.

"ముట్టలే. ఎందుకు ముట్టలేదో ఈయనకు ఎప్పుడో ఉత్తరం రాసిన. అడుగుండ్రి."

అందరూ పర్వతాలు వైపు చూశారు. పర్వతాలు తన ఇంటి వైపు చూశాడు.

ఇంతలో వర్ష గిన్నె కింద అట్టముక్క తోసి, కొంచెం ఎత్తి లోపలికి తొంగి చూసింది. "తాతా, దీని నోట్లె బల్లి లేదు. తోక ఒక్కటే ఉన్నది" అంది. దాంతో ఉత్తరం కోసం కొందరు, బల్లి కోసం కొందరు, ముర్తుజాతో సహా అందరూ వీధి దాటారు. నడిమింట్లో వర్ష స్టూలెక్కి గడియారం కదిపింది. మొదట దుమ్ము రాలింది. తర్వాత స్టాంపు అంటించిన కవరు పడింది. ఆ వెనకే, తోక లేని ఒక బల్లి బయటికి వచ్చి, ఇంతమందిని చూసి చిరాకు పడి, ట్యూబులైటు చాటుకు వెళ్ళిపోయింది.

సిద్దమ్మ ఏడ్చి, కొంగుతో ముఖం తుడుచుకుంది. "బతికే ఉన్నది నా తల్లి."

"అయితే నెత్తి మీద పడ్డది బల్లి గాదు, తోక" అంది వర్ష. పంచాంగం మళ్ళీ చూసి, తోక పేజీ కూడా లేదని తేల్చింది.

కృష్ణారావు వంగి కవరు తీసుకున్నాడు. అంటించినది అంటించినట్టే ఉంది. "ఇప్పలేదా?"

"ఇప్పుదామంటే ఆడ బల్లి ఉండె" అన్నాడు పర్వతాలు.

"మూడేండ్లా?"

పర్వతాలు కవరు తీసుకుని, చింపి, కళ్ళద్దాలు లేవన్న సాకుతో వర్షకు ఇచ్చాడు. వర్ష చదివింది. "పర్వతాలుకు. సీట్లో సంచి మీద నీ శాలువా కప్పి ఉంటే నువ్వే పడుకున్నావనుకున్నాను. కంచిలో లేపబోతే శాలువా లేచింది గానీ నువ్వు లేవలేదు. గుడి లోపలికి పోలేదు. బస్సు వదిలేసి వెనక్కి వచ్చాను. హోటలాయన, పెద్దాయన దోసె చేత పట్టుకుని ఏడుపు ముఖంతో పోయాడని చెప్పాడు. పొద్దుగూకే దాకా ఆ రోడ్డు వెంట నీ పేరు పెట్టి పిలిచాను. నువ్వు లేకుండా బంగారు బల్లిని చూడబుద్ధి కాలేదు. మళ్ళీ ఇద్దరం కలిసి పోదాం. తలుపు తియ్యి."

పర్వతాలు తువ్వాలతో కళ్ళు తుడుచుకోబోయి, అందులో ఇందాక ఏమున్నదో గుర్తొచ్చి, ధోవతి కొసతో తుడుచుకున్నాడు. ఈ మనిషి తన కోసం పరాయి ఊళ్ళో రోడ్ల వెంట తిరిగాడు. ఆ సంగతి మూడేళ్ళు తన నెత్తి మీదే వేలాడుతూ ఉంది.

"నాతోని తప్పయింది రావుసాబ్" అన్నాడు.

"నాది గూడ తప్పే. గా దినం లెక్కవెట్టాల్సింది" అన్నాడు కృష్ణారావు.

సిద్దమ్మకు మాత్రం ఒక సంగతి మింగుడు పడలేదు. "మరి మూడేండ్ల సంది గీ వాడకట్టోళ్ళంత ముట్టుకున్నది?"

"వచ్చి సెయ్యి వడ్తే ఎట్ల కాదంట సిద్దమ్మా? కాదంటే ఎందుకు ముట్టలేవంటరు. గది పర్వతాలుకు తప్ప ఇంకెవ్వలకు జెప్పబుద్ధి గాలే." కృష్ణారావు మెడ తడుముకున్నాడు. "అయినా ముట్టుకున్నోళ్ళకు ఎవ్వలకు ఏం గాలేదు గద. గందుకే నేను గూడ ఊకున్న."

"నాకన్న జెప్పద్దా" అని లక్ష్మీకాంతమ్మ గొణిగింది. సిద్దమ్మ అందరికీ చాయ్ పోసింది. పోస్తూ పోస్తూ, అలవాటు కొద్దీ మొగుడి వైపు తిరిగి "మొదట్నించి తప్పు నీదేనయ్యా" అంది. ట్యూబులైటు వెనక నుంచి బల్లి కిచకిచమంది. తోక పోయినా అది పక్షం మార్చలేదు. సిద్దమ్మ నేలను తట్టి "సత్యం, సత్యం" అంది. ఈసారి పర్వతాలు కూడా వంగి తట్టాడు.

వర్ష సాలీడును ఊరి చివర కంచె దగ్గర వదిలి వచ్చింది. తోక దానికే ఇచ్చేసింది. అల్లుడు కారు తెచ్చి లక్ష్మీకాంతమ్మను, తులసి కుండీని తీసుకుని ముందుగా వెళ్ళిపోయాడు.

ముర్తుజా గడియారం వైపు చూసి నసిగాడు. "సార్, ఎక్కించిండు గని ఆడ దించేటందుకు మనుషులు లేరు. రోలు ఏడ వెట్టిండో, మిషను ఏడ వెట్టిండో నాకు తెల్వది. అంత పెద్దాయనకే ఎరుక."

"నేనొస్త తియ్" అన్నాడు పర్వతాలు, నడుము పట్టుకుంటూ. పిండిగిర్నీ ఆ రోజుకు తెరవనక్కర్లేదని అప్పటికే నిర్ణయించుకున్నాడు. వచ్చే నెలలో కంచికి ఏ రోజు మంచిదో చూసి పెట్టమని వర్షకు చెప్పి, వెళ్ళి బండిలో కిటికీ పక్కన కూర్చున్నాడు.

ముర్తుజా బండి స్టార్టు చేశాడు. మధ్యలో కూర్చున్న కృష్ణారావు ఆగమని చెయ్యి చూపి, క్యాబిన్‌లో ఉన్నవాళ్ళను వేలు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టాడు. తనతో కలిపి ఉన్నదే ముగ్గురు.